సంతకము తరువాతి చదువు



మన దేశములో పల్లెబడి పిల్లలు ఒడిలో నుంచుకొని అక్షరములు దిద్దిన రాతిపలకలు ఎన్నియో మన మార్కాపురపు గనులనుండి వెలువడినవే. భూమిలో పొరలు పొరలుగా పేరుకొనియున్న ఆ నల్లరాతిని త్రవ్వి తీసి, పలుచని బిళ్ళలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు దేర్చి, చట్రములు బిగించి బండ్ల కెత్తిన చేతులలో ఆడవారి చేతులును, బడియీడు పిల్లల చేతులును విశేషముగా నుండెడివి. పరరాష్ట్రముల పిల్లలకు పలకలను సిద్ధము చేసి పంపిన ఆ బాలబాలికలలో పెక్కండ్రు తాము మాత్రము బడిలో నిలువలేకపోయిరి. ఆ పరిశ్రమలోని బాలకార్మికుల సంగతి గత శతాబ్దము తుదిభాగమున దేశమంతట చర్చకు వచ్చినది. నాటి పిల్లలు నేడు నలువది, ఏబది యేండ్ల వయసు వారై, మార్కాపురము, తర్లుపాడు, కంభము, గిద్దలూరు ప్రాంతములలో సంసారములు నడుపుచున్నారు. వారినిగూర్చియు, వారివలెనే గొఱ్ఱెల మందల వెంటను, కందిచేల గట్లమీదను, తమ్ముళ్ళను చెల్లెండ్రను చంకనెత్తుకొనియు బాల్యము గడిపి చదువు తప్పినవారినిగూర్చియు ఈ పూట ముచ్చటింపదలచినాను.

2011 జనాభా లెక్కలలో అప్పటి ప్రకాశం జిల్లాయందు ఏడేండ్లు నిండినవారిలో నూటికి 63 మంది అక్షరాస్యులని తేలినది. అప్పటి ఉమ్మడి రాష్ట్రమున ఆ సంఖ్య 67, దేశమున 73. ఏదేని యొక భాషలో చదివి, అర్థము చేసికొని, వ్రాయగలవాడు అక్షరాస్యుడని నిర్వచనమైతే ఉన్నది గాని, గణకుడు ఇంటింట పరీక్ష పెట్టడు. ఇంటివారు చెప్పినది వ్రాసికొని ముందుకు సాగును. కావున ఆ 63 మందిలో వార్తాపత్రిక ధారాళముగా చదువువారును ఉందురు, పాసుపుస్తకముమీద తన పేరు నాలుగక్షరములు కూడబలుక్కొని గీయువారును ఉందురు. ఈ ఇరువురి నడుమ నున్న దూరమే నేటి నా ప్రసంగ విషయము. వయోజనులకు అక్షరములు నేర్పుటకు మనము ఉద్యమములు నడిపితిమి. పదవ తరగతి పరీక్ష వ్రాయుటకు ద్వారములు తెరచితిమి. సంతకము నేర్చిన మనిషిని చేయిపట్టుకొని ఆ ద్వారము దాక నడిపించు పనిని మాత్రము ఎవరి పాలికిని అప్పగింపక విడిచిపెట్టితిమి.

ఉద్యమముల కథ శ్రోతలు చాలమంది ఎరిగినదే. 1978 అక్టోబరు 2వ తేదీన జాతీయ వయోజన విద్యా కార్యక్రమము మొదలైనది. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ ఏర్పడినది. తరువాతి సంవత్సరములలో మన పొరుగు నెల్లూరు జిల్లాలో జరిగిన అక్షరోద్యమమును దేశమంతయు కన్నులార చూచినది. అక్కడి పాఠములలో సీతమ్మ యను ఇల్లాలి కథ యొకటి వచ్చినది. సారాయి కొంపలు కూల్చిన తీరు, ఆడవారు ఏకమై సారాయి దుకాణమును మూయించిన తీరు అందులో ఉండెను. ఆ జిల్లాలోని దూబగుంట స్త్రీలు ఆ పాఠమును చదివి ఊరకుండలేదు. 1992లో తమ ఊరి సారాయి దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము జిల్లాలు దాటి వ్యాపించగా 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారాయి నిషేధము వచ్చినది. తన బ్రతుకులోని మాట అచ్చులో కనబడినప్పుడు వయోజనుడు ఎంత శ్రద్ధతో చదువునో తెలిసికొనుటకు ఇంతకు మించిన నిదర్శనము నాకు తెలియదు. ఆపైన 2009లో సాక్షర భారత్ వచ్చి, పంచాయతీకి ఇద్దరేసి చొప్పున ప్రేరకులను నియమించి, 2018 వరకు సాగి ఆగిపోయినది. ప్రేరకులు నడిపిన కేంద్రము మూసిన మరునాటినుండి అక్కడ నేర్చుకొన్నవారికి చదువుటకు ఏమియు మిగులలేదు. చదువుటకేమియు లేనివారు నేర్చినదియు మెల్లమెల్లగా మరచిరి.

పరీక్ష వైపు కథ అంతగా ప్రచారములో లేదు. అందుచేత దానిని కొంత విస్తరించి చెప్పెదను. పెద్దవయసులో హైస్కూలు పరీక్షకు కూర్చుండుట మనకు పరాయి దేశమునుండి వచ్చిన పద్ధతి యని కొందరనుకొందురు. అమెరికాలో, బడి నడుమ విడిచి యుద్ధమునకు పోయిన సైనికుల కోసము, 1942లో హైస్కూలు చదువునకు సమానమైన పరీక్ష నొకదానిని ఏర్పరచిన మాట నిజమే. అయితే అంతకు కొన్ని యేండ్ల ముందే మన తెలుగు స్త్రీ యొకతె మదరాసులో ఈ పని ప్రారంభించినది. దుర్గాబాయి 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఎనిమిదేండ్లకే వివాహితయై, ఆ బంధమునుండి ధైర్యముగా వెలుపలికి వచ్చి, ఉప్పు సత్యాగ్రహకాలమున చెరసాలలు చూచినది. అక్కడ చదువురాని ఖైదీ స్త్రీల దుస్థితి ఆమె మనసును కలచివేసినది. విడుదలయైన పిమ్మట ఆమె తానే పుస్తకములు పట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా చదివి కృతార్థురాలై, ఆ దారినే ఇతర స్త్రీలను నడిపింప బూనినది. 1937లో చిన్న బాలికాసంఘముగా మొదలై ఆంధ్ర మహిళా సభగా పెరిగిన ఆ సంస్థ చేపట్టిన తొలి కార్యములలో, వయసు మించిన స్త్రీలను కాశీ మెట్రిక్యులేషన్‌కు తయారుచేయుట ఒకటి. వారు వితంతువులు, భర్తలు విడిచినవారు, బాల్యముననే సంసారభారము నెత్తిన బడినవారు. తరువాత ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలుగా ఉన్న కాలమున, 1958లో, ఇదే పద్ధతి దేశమంతటికి వ్యాపించినది. వయోజన స్త్రీలకు రెండేండ్లలో మెట్రిక్ వరకు నేర్పు సంక్షిప్త విద్యాక్రమము అట్లు పుట్టినది. ఆ తరగతులలో చదివిన స్త్రీలు గ్రామసేవికలుగా, నర్సులుగా, ఉపాధ్యాయినులుగా నిలదొక్కుకొన్నారు. దుర్గాబాయిగారి పేరు తలచునప్పుడు రాజ్యాంగసభను, మహిళా సభ భవనములను తలచుదుము గాని, ఆ తొలి చిన్న తరగతిని చాలినంతగా తలచుకొనుట లేదని నా అభిప్రాయము.

1982లో హైదరాబాదున నెలకొన్న సార్వత్రిక విశ్వవిద్యాలయము, దేశమున అట్టివానిలో మొదటిది, ఏ ధ్రువపత్రము లేనివారికిని అర్హతపరీక్ష పెట్టి డిగ్రీ చదువు అవకాశము కల్పించినది. 1991లో సార్వత్రిక విద్యాపీఠము ఏర్పడిన పిదప పదవ తరగతికిని దారి సుగమమైనది. పదునాలుగేండ్లు నిండినవారు ఎవరైనను అందులో చేరవచ్చును. గరిష్ఠ వయోపరిమితి లేదు. క్రింది తరగతులు చదివినట్లు బడి పత్రము లేకున్నను చేరవచ్చును. ఐదు విషయములు ఎంచుకొని, అన్నిటిని ఒక్కమారే గాక, అయిదేండ్లలోపల వీలువెంబడి వ్రాసికొనవచ్చును. ఒకసారి ఉత్తీర్ణమైన విషయమును మరల వ్రాయనక్కరలేదు. తరగతులు ఆదివారములందును, సెలవు దినములందును జరుగును. తెలుగున వ్రాయవచ్చును, ఉర్దూలోను వ్రాయవచ్చును. ఇంట ఉర్దూ మాటాడువారున్న కంభము వంటి ఊరికి ఈ రెండవ మాట చిన్న విషయము కాదు. ఏర్పాటు ఇంత ఉదారముగా ఉండగా, చేరినవారు ఎందుకు మధ్యలో వెనుదిరుగుచున్నారని అడుగవలెను.

మన ప్రాంతమున ఈ పరీక్షకు వచ్చువారెవరో చూడుడు. అంగన్వాడీ కార్యకర్త ఉద్యోగమునకు పదవ తరగతి కావలెను; ఆయాగా పనిచేయుచు, పిల్లలకు ఆటపాటలు తానే నేర్పుచు, ఆ పత్రము లేక ముందుకు పోలేని స్త్రీ వచ్చును. ఉపాధి హామీ పనిలో పదిమంది కూలీలకు పెద్దయై, మస్టరు వ్రాయుటకు మాత్రము కొడుకును పిలుచుకొను మేటు వచ్చును. పొదుపు సంఘమునకు అధ్యక్షురాలై, తీర్మానముల పుస్తకమున ఏమి వ్రాసిరో తెలియకయే ప్రతినెల సంతకము పెట్టు నామె వచ్చును. అప్పు ఎవరికెంత ఇచ్చినది, ఎవరెంత తీర్చినది ఆమె నోట నిలిచియుండును. పుస్తకము మాత్రము ఆమెకు మూగది. పిల్లల బడిపుస్తకము తెరచి కూర్చుండవలెనను కోరిక తప్ప ఉద్యోగాపేక్ష యేమియు లేని తల్లులును వత్తురు. వీరెవ్వరును తెలివి తక్కువవారు కారు. వర్షము రాకడను, బ్యాంకు వడ్డీని, పెండ్లి సంబంధపు మంచిచెడ్డలను వీరు తూచినంత నేర్పుగా మన పట్టభద్రులు తూచలేరు. వీరికి కొరవడినవి రెండే: ఒక పేరాను మొదటినుండి చివరివరకు తప్పిపోకుండ చదువుట, తెలిసినదానిని నాలుగు వాక్యములలో కాగితముపై పెట్టుట.

మొదట చదువు సంగతి. అక్షరములు కొత్తగా నేర్చిన పెద్దలు ఒక్కొక్క అక్షరమును వ్రేలితో తాకుచు చదువుదురు. వాక్యము తుద ముట్టునప్పటికి మొదటి మాట మనసునుండి జారిపోవును. ప, వ, మ, ష నడుమ కన్ను తడబడును; న, స కలిసిపోవును; ఒత్తు వచ్చినచోట ఊపిరి ఆగిపోవును. పదవ తరగతి పుస్తకములోని సమాసముల యెదుట వారు నిస్సహాయులగుదురు. దీనికి వర్ణమాలను మరల మొదటినుండి వల్లింపజేయుట మందు కాదు. ఒక చిన్న పేరాను ముందు గురువు బిగ్గరగా చదువవలెను. పిమ్మట ఇద్దరును కలిసి చదువవలెను. ఆపైన విద్యార్థి ఒంటరిగా, అదే పేరాను, తడబాటు పోవువరకు మరల మరల చదువవలెను. నేడు నాలుగు నిమిషములు పట్టినది వారము తిరుగునప్పటికి ఒక నిమిషములో పూర్తియగును. అప్పుడే మనసునకు అర్థమువైపు చూచుటకు తీరిక చిక్కును. ధారాళత లేనిచోట అర్థగ్రహణము లేదు. పెద్ద సమాసమును చీల్చి చూపవలెను. కిరణజన్య సంయోగక్రియ యనునది చూచి బెదరిన రైతుకు, ఎండ సోకని ఆకు పాలిపోవుట చిన్ననాటినుండి తెలిసిన సంగతియే.

పాఠ్యపుస్తకమునకు ముందు ఏమి చదివింపవలెనను ప్రశ్నకు నా సమాధానము ఇది: ఇంటిలో ఇదివరకే ఉన్న కాగితములన్నియు. ఉపాధి జాబు కార్డు, బియ్యపు కార్డు, కరెంటు బిల్లు, బ్యాంకువారి నోటీసు, పురుగుమందు డబ్బాపై చీటి, వైద్యశాల చీటి, బస్సు బోర్డు. వీనిని చదువుటకు ఎవరును బలవంతపెట్టనక్కరలేదు. తప్పు చదివినచో నష్టమేమో వారికే తెలియును. అటనుండి వార్తాపత్రికలోని జిల్లా పేజీకి రావలెను. కంభము చెరువునకు నీరు వచ్చినదా, వెలిగొండ ప్రాజెక్టు పని ఎందాక వచ్చినది, ఏ మండలమున కరవు ప్రకటించిరి అను వార్తలను వారు ఆతురతతో చదువుదురు. ఆ పేజీని ఆరు నెలలు విడువక చదివినవారికి సాంఘికశాస్త్ర పుస్తకము అంత కఠినముగా తోపదు.

ఇక వ్రాత. ఇక్కడనే అధిక సంఖ్యాకులు ఆగిపోవుదురు. ఇక్కడనే బోధించువారు శ్రద్ధ చూపుట తక్కువ. బజారులో దొరకు గైడు నొకదానిని చేతికిచ్చి, ముఖ్యమైన జవాబులు వల్లెవేయమందురు. ఇరువది యేండ్లు కూలిపని చేసిన మనిషికి పరుల వాక్యములు కంఠస్థమగుట దుస్సాధ్యము. ఒకవేళ కంఠస్థమైనను, ప్రశ్నలో ఒక మాట మారినంతనే అదియంతయు వ్యర్థమగును. అంతకన్న విచారకరమైన మాట యొకటి యున్నది. పరీక్షనాడు ఎవరో చూపింతురు, ఎట్లో గడచిపోవును అని ధైర్యము చెప్పువారు కొందరున్నారు. అట్లు వచ్చిన పత్రము చేతబట్టుకొని అంగన్వాడీకి చేరిన స్త్రీ, పిల్లల తూకముల రిజిస్టరు ఎదుటికి వచ్చినప్పుడు మరల పరుల చేతికే దానిని అందింపవలసివచ్చును. ఆమెకు ఉపకారము చేసితిమనుకొనువారు ఆమెకు అపకారమే చేసిరని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

వ్రాత నోటిమాటనుండి రావలెను. విద్యార్థి తన సంగతి యొకటి చెప్పును. గురువు ఆ మాటలనే కాగితముపై పెట్టును. విద్యార్థి తన మాటలను తానే చదివికొనును. తన నోట వచ్చినదే గనుక ఆ చదువు తడబడదు. పిమ్మట దానిని చూచి వ్రాయును. మరునాడు చూడకుండ వ్రాయును. వారము దినములకు తానే రెండు వాక్యములు చేర్చును. బ్రెజిల్ దేశమున పౌలో ఫ్రెయిరే 1963లో అంగీకోస్ అను ఊర 300 మంది శ్రామికులకు ఇంచుమించు 40 గంటలలో చదువు నేర్పుట సాధ్యమైనది వారి దైనందిన జీవితములోని మాటలనుండియే పాఠములు పుట్టించుటచేత. మన పడమటి మండలముల పలుకుబడిలో ‘వస్తాండారు, పోతాండారు’ అను రూపములు వినబడును. విద్యార్థి మొదట అట్లే వ్రాయును. ఆ క్షణమున గురువు నవ్వకూడదు, ఎఱ్ఱసిరా గీత గీయకూడదు. భావము నిలిచిన తరువాత, పరీక్షలో పుస్తకపు రూపము ఇట్లుండునని ప్రక్కన వ్రాసి చూపినచో చాలును. ఇంట ఉర్దూ మాటాడు స్త్రీలు తెలుగున వ్రాయదలచినప్పుడు ఈ ఓపిక ఇంకను కొంత ఎక్కువగా కావలెను. వారు రెండు భాషలలో ఆలోచింపగలవారు. అది వారి ధనము.

ఒక్క ఉదాహరణము చెప్పెదను. నీటిపారుదల సాధనములను గూర్చి సాంఘికశాస్త్రములో ప్రశ్న వచ్చినదనుకొందము. గైడులోని జవాబు ఎక్కడెక్కడి ఆనకట్టలనో ఏకరువు పెట్టును. కంభము విద్యార్థికి తన చెరువు ఉన్నది. విజయనగర కాలమున, రాణి వరదరాజమ్మ పేరు మీదుగా చెప్పుకొను కట్ట గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ వెలసినది. 2020లో నీటిపారుదల, మురుగుపారుదలల అంతర్జాతీయ సంఘము దానిని వారసత్వ కట్టడముగా గుర్తించినది. చెరువు ఎక్కడ ఉన్నది? ఎవరు కట్టించిరందురు? నీరు ఎందుండి వచ్చును? తూముల క్రింద ఏమి పండింతురు? నిండని యేట ఊరివారు ఏమి చేయుదురు? ఈ ఐదు ప్రశ్నలకు నోట సమాధానము చెప్పలేని కంభమువారు లేరు. ఒక్కొక్క సమాధానమును ఒక్కొక్క వాక్యముగా వ్రాసి, ఎందుకనగా, అందుచేత, అయినను అను మాటలతో కూర్చినచో ఒక పేరా అగును. ఇట్టి పేరాలు ఇరువది వ్రాసిన చేయి, ఇరువది యొకటవ ప్రశ్నకు బెదరదు. లేఖారచన, అర్జీ, సంఘము తీర్మానము, చదివిన పేరాకు సంక్షేపము మొదలైనవన్నియు ఈ అభ్యాసమునుండియే పుట్టును.

శరీరమునకు సంబంధించిన మాటలు కొన్ని చెప్పక తప్పదు. నలువది దాటినవారిలో చాలమంది ‘అక్షరములు ఎక్కుట లేద’ని పుస్తకము మూయుదురు; నిజమునకు వారికి వచ్చినది చత్వారము. తరగతి ప్రారంభమునకు ముందే అందరి కన్నులు పరీక్ష చేయించి, కావలసినవారికి అద్దములు ఇప్పించినచో, మందమతులని పేరుపడినవారు కొందరు వారములోనే చదువసాగుదురు. రాళ్ళు చీల్చిన చేతికి, పారపట్టిన చేతికి కలము పట్టుకొని మూడు గంటలు కూర్చుండుట కడు కష్టము. వ్రేళ్ళు బిగిసి నొప్పి పుట్టును. దినమునకు పది నిమిషములతో మొదలుపెట్టి, మెల్లగా గంటకు పెంచవలెను.

అన్నిటికన్న పెద్ద అడ్డంకి వలస. మిరపకోతల కాలమున మన పల్లెలనుండి కుటుంబములు గుంటూరు వైపు తరలిపోవును. ఇంకను కొందరు హైదరాబాదున భవనముల పనికి పోదురు. పరీక్షలు వేసవి మొగమున వచ్చును. కోతలును ఆ ముందటి నెలలలోనే. ఏడాదియంతయు శ్రద్ధగా వచ్చిన స్త్రీ సరిగా ఆ వేళకు ఊర ఉండదు. కావున వలసపోవు వారి మూటలో ఒక నోటుపుస్తకము, ఒక పాఠ్యపుస్తకము పెట్టి పంపవలెను; గుడిసెల చెంత రాత్రి ఒక పేరా చదివి, ఒక పేరా వ్రాసి, సెల్‌ఫోనులో ఫోటో తీసి గురువునకు పంపినచో, ఆయన సరిదిద్ది తిరిగి పంపవచ్చును. ఒకే ముఠాలో చదువుకొనువారు ఇద్దరున్నచో ఒకరికొకరు తోడు. ఇదివరకు సాధ్యము కాని ఈ సౌకర్యమును మనము ఇంకను చాలినంతగా వాడుకొనుట లేదు.

2022లో ప్రారంభమైన ఉల్లాస్ అను వయోజన విద్యా కార్యక్రమములో అక్షరజ్ఞానము తరువాత సమాన స్థాయి విద్యకును చోటు కల్పించిరి. బోధన బాధ్యతను స్వచ్ఛంద సేవకులపై ఉంచిరి. మన మండలములలో అట్టివారికి కొదువ లేదు. డిగ్రీ ముగించి పోటీపరీక్షలకు చదువుచు శాఖా గ్రంథాలయమున దినమంతయు కూర్చుండు యువతీయువకులను నేను చూచుచున్నాను. అయ్యా, అమ్మా, మీలో ఒక్కొక్కరు సాయంకాలము ఒక గంట ఒక్కరికి కేటాయింపుడు. పెద్దవారిని అక్క, పిన్ని, మామ, అన్న అని మీరు ఇంట పిలిచినట్లే పిలువుడు. బడిపిల్లలను గద్దించినట్లు గద్దింపకుడు. వారు ఒకనాడు రాకున్నచో కారణమడుగుడు, నింద వేయకుడు. ఊరిలో ఉపాధ్యాయ వృత్తినుండి విశ్రాంతి పొందినవారు తరగతికి పెద్దలుగా నిలిచినచో ఈ యువకులకు దిక్కు దొరకును.

పరీక్షకు రెండు నెలలు ముందుగా, గడచిన యేండ్ల ప్రశ్నపత్రములు తెచ్చి, గడియారము ఎదుట పెట్టి, మూడు గంటలు కూర్చుండబెట్టుడు. హాల్‌టికెట్టు సంఖ్యను జవాబు పుస్తకముపై ఎక్కడ వేయవలెనో, ప్రశ్నసంఖ్యను అంచున ఎట్లు వేయవలెనో ముందే చూపుడు. చాలమంది మొదటి అరగంట ఆ కలవరముతోనే పోగొట్టుకొందురు. తెలిసిన ప్రశ్నకు ముందు వ్రాయుమని చెప్పుడు. ఫలితము వచ్చిననాడు ఐదింటిలో మూడు మాత్రమే దాటినవారు తలవంచుకొని ఇంట కూర్చుందురు. అప్పుడు మీరే వారి గడపకు పోయి, ఆ మూడును అట్లే నిలిచియుండునని, మిగిలిన రెంటికే మరల రుసుము కట్టవలెనని చెప్పి, కట్టవలసిన తేదీని గోడమీది క్యాలెండరులో వారిచేతనే వ్రాయింపుడు.